ఆరు వందల చుట్లు

ఆ రోజుల్లో మా ఇంట్లో ఉద్యోగం అనే మాటకు ఉన్న విలువ నిజం ఉద్యోగానికి కూడా ఉండేది కాదు. పదకొండో తరగతి లెక్కల్లో తప్పి, ఏడాదిన్నర ఊరికే తిరిగి, చివరికి మా ఊరి హైస్కూల్లో సైన్సు గదికి అటెండరుగా చేరితే, మా అమ్మ వీధి పొడుగునా "మావాడికి సైన్సులో ఉద్యోగం వచ్చినాది" అని చెప్పుకుంది. సైన్సులో నా పని పొద్దున గది తాళం తీయడం, బల్లలు తుడవడం, గాజు గొట్టాలు కడగడం, సాయంత్రం తాళం వేయడం. (నడుమ నడుమ ఆ గొట్టాలు పగలగొట్టడం కూడా ఉండేది గాని, అది ఎవరూ నాకు అప్పగించిన పని కాదు.) ఊరు హోసూరు నుంచి కృష్ణగిరికి పోయే రోడ్డు మీదే ఉంది. పేరు చెప్పను. నన్ను గుర్తుపట్టేవాళ్ళు అక్కడ ఇంకా ఒకరిద్దరున్నారు. అప్పటి నన్ను తలచుకుంటే నవ్వొస్తుంది, కానీ ఆ నవ్వు సగంలో ఆగిపోతుంది. ఎందుకు ఆగిపోతుందో చెప్పాలనే ఇది రాస్తున్నాను.

నాకు ఆ ఉద్యోగం ఇప్పించింది సైన్సు సారు. చిత్తూరు వైపు మనిషి, ముప్పై ఏళ్ళుంటాయేమో. హెడ్మాస్టరు దగ్గరికి తానే పోయి, "వీడు లెక్కల్లో తప్పినాడు గాని చేతిపనిలో తప్పడు సార్" అని నా తరఫున చెప్పాడు. ఊళ్ళో ఆయన్ని అందరూ మూడువేళ్ళ సారు అనేవాళ్ళు. కరెంటు ఏ దిక్కుకు పుడుతుందో తెలుసుకోవడానికి కుడిచేతి సూత్రం ఒకటుంది గదా, బొటనవేలు తీగ కదిలే దిక్కు, చూపుడువేలు అయస్కాంత క్షేత్రం దిక్కు, నడిమివేలు కరెంటు దిక్కు. ఆ మూడు వేళ్ళనూ మూడు దిక్కులకు నిక్కబెట్టుకుని, మణికట్టు అటూ ఇటూ తిప్పుకుంటూ ఆయన వీధిలో నడిచేవాడు. పాలమ్మ ఎదురుపడితే, "మూడు సేర్లా సారూ? ఇంట్లో ఉండేది ముగ్గురే గదా!" అని ఆశ్చర్యపోయేది. బస్టాండు దగ్గర సోడాలమ్మే తాత అయితే ఆయనకు నరం పట్టుకుందనే తీర్మానించి, "ఆముదం కాచి పూయి సారూ, మూడు దినాల్లో వదిలిపోతాది" అని వైద్యం చెప్పాడు. సారు ఆ తాతకు కూడా కుడిచేతి సూత్రం చెప్పబోయాడు. తాత సోడా కొట్టి చేతిలో పెట్టి పంపించాడు.

విద్యుదయస్కాంత ప్రేరణ అనే పాఠం అంటే ఆయనకు ప్రాణం. తీగచుట్టలోకి, అంటే కాయిల్లోకి, అయస్కాంతాన్ని తోస్తే కరెంటు పుడుతుంది. అయస్కాంతం ఆగితే కరెంటూ ఆగిపోతుంది. వెనక్కి లాగితే మళ్ళీ పుడుతుంది, అయితే ఈసారి ఎదురు దిక్కుకు. దగ్గరికి వస్తుంటే రావద్దంటుంది, పోతుంటే పోవద్దంటుంది, ఏది తనను పుట్టించిందో దాన్నే అడ్డుకుంటుంది. ఇదంతా పిల్లలకు ఎక్కాలంటే ఆయన దగ్గర ఒకటే ఉపమానం. "మా పాప మాదిరి రా! ఎత్తుకుంటే దిగతానంటాది, దించితే ఎత్తుకోమంటాది." ఏడాదికి మూడు సెక్షన్లకు ఆ పాఠం చెప్పేవాడు, మూడుసార్లూ నేను గుమ్మం పక్కన నిలబడి వినేవాడిని. లెక్కల్లో తప్పినవాడినైనా ఆ పాఠం నాకు పూర్తిగా అర్థమైంది. ఈ మాట గుర్తుంచుకోండి, నాకు తెలియక చేశానని చెప్పుకునే వీలు కూడా లేదు.

సారు ఉద్యోగం అప్పటికి టెంపరరీ. ఆయన భార్యకు ఉబ్బసం. మా ఊరి పొడిగాలి ఆమెకు సరిపడింది, వచ్చిన ఏడాదిలో దగ్గు సగానికి తగ్గిందని ఆయనే సంతోషంగా చెప్పేవాడు. సేలం నుంచి ఇన్‌స్పెక్టరు వచ్చి సైన్సు బోధన చూసి బాగుందని రాస్తే, సారును ఇక్కడే పర్మనెంటు చేస్తారు. రాయకపోతే తళి వైపు ఒక స్కూల్లో ఖాళీ ఉంది, అక్కడికి పంపిస్తారు. తళి అంటే మాకు చలికి పెట్టింది పేరు. మధ్యాహ్నం కూడా కంబళి కప్పుకుని కూర్చునే ఊళ్ళున్నాయి ఆ పక్క. హెడ్మాస్టరు ఈ సంగతి దాచకుండా చెప్పేశాడు. ఆ సాయంత్రం నేను తాళం వేస్తుంటే సారు, "ఆయమ్మకు ఆడ ఊపిరి ఆడదప్పా" అన్నాడు.

ఇన్‌స్పెక్టరుకు చూపించడానికి ఆయన ఎంచుకున్న పాఠం ఏదో వేరే చెప్పనక్కరలేదు. మా దగ్గర మంచి లాడపు అయస్కాంతం ఒకటి, కడ్డీ అయస్కాంతం ఒకటి ఉన్నాయి. కరెంటును చూపించే ముల్లున్న గాల్వనామీటరు లేదు, దాన్ని కృష్ణగిరిలో పెద్ద స్కూలు వాళ్ళు ఆ ఒక్క రోజుకు అరువిస్తామన్నారు. ఇక కావలసింది కాయిల్. నూలు కప్పిన సన్నని రాగి తీగ ఉండ ఒకటీ, జానెడు వెదురు గొట్టం ఒకటీ నా చేతికిచ్చి, "ఆరు వందల చుట్లు. వరస మీద వరస రావాల. మొదలుపెట్టిన పక్కకే చివరిదాకా చుట్టాల, ప్రదక్షిణం మాదిరి, తెలిసిందా? నడుమ దిక్కు మార్చకూడదు" అన్నాడు సారు. నేను తల ఊపాను. తల ఊపడంలో ఆ రోజుల్లో నన్ను మించినవాడు లేడు.

మరుసటి రోజు ఆదివారం. పొద్దున్నే అరుగు మీద కూర్చుని మొదలుపెట్టాను. నలభై చుట్లకే తీగ మెలికలు పడి, వదిలితే చాలు పైకి లేచి నిలబడుతోంది. సరిగ్గా అప్పుడే నా స్నేహితుడు సైకిలేసుకుని వచ్చి, బర్గూరు పక్కన ఎద్దుల్ని వదిలే పండగ, లారీ ఒకటి పోతోంది, వస్తావా రావా అన్నాడు. కొమ్ములకు రంగులు పూసి, నొసటికి తళుకు బిళ్ళలు కట్టి, జనం నడుమ సందులో ఎద్దుల్ని వదిలితే అవి దుమ్ము లేపుకుంటూ పరుగెత్తే ఆట అది. ఆ వయసులో ఎద్దుల పరుగు ఒక పక్క, ఆరు వందల చుట్లు ఒక పక్క ఉంటే మనిషి ఏ పక్కకు పోతాడో కుడిచేతి సూత్రం లేకుండానే చెప్పవచ్చు.

మా ఇంట్లో మా మేనత్త ఉండేది. చిన్నప్పుడే భర్త పోతే మా నాన్న తెచ్చి పెట్టుకున్నాడు. మగ్గాల వాళ్ళకు కండెలు చుట్టి ఇచ్చేది, వీధిలో ఆమె పేరే కండెలత్త. ఆమె చుట్టిన కండెలో దారం ఎక్కడా తెగదని, లెక్క ఎప్పుడూ తప్పదని నేతవాళ్ళు కృష్ణగిరిలో కూడా చెప్పుకునేవాళ్ళు. నేను తీగ, గొట్టం తీసుకుపోయి ఆమె ఒళ్ళో పెట్టి, "అత్తా, ఆరు నూర్లు చుట్టాల. లెక్క తప్పకూడదు" అన్నాను.

"ఇది దారమా, తీగెనా?"

"లోపల తీగె, పైన దారం."

"పైన దారమైతే నా పనే. నువ్వు పో" అంది.

పోయాను. ఒకే దిక్కుకు చుట్టాలన్న ముక్క చెప్పకుండానే పోయాను. లారీ హారన్ కొడుతోంది, ఏం చేయను? (ఏం చేయాలో మీకూ తెలుసు, నాకూ తెలుసు.) పొద్దు వాలే వేళకు ఒళ్ళంతా దుమ్ముతో ఇంటికొస్తే, కాయిల్ సిద్ధంగా ఉంది. నా నలభై వంకర చుట్లు ఆమె విప్పి పారేసి మొదటినుంచీ చుట్టింది. గొట్టం లావుగా ఉండి రాట్నపు కదురుకు ఎక్కకపోతే, మోకాళ్ళ నడుమ బిగించి పెట్టుకుని, తీగ ఉండను చుట్టూ తిప్పుతూ చేత్తోనే చుట్టిందట. వరసలు చూస్తే నేసిన బట్టలా ఉన్నాయి. పైన పాత చీర పేలిక ఒకటి అందంగా బిగించింది.

సోమవారం సారు దాన్ని చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి చూశాడు. టార్చి బ్యాటరీ, చిన్న బల్బు తగిలించి చూశాడు, బల్బు వెలిగింది. తీగ ఎక్కడా తెగలేదు. "ఎంత బాగా చుట్టినావప్పా! నేను చెప్పినా గదా, నీకు చేతిపని ఉండాదని" అన్నాడు. నేను నేల చూపులు చూస్తూ, "ఏదో సార్" అన్నాను. అబద్ధం చెప్పలేదని అప్పుడు అనుకున్నాను.

ఇన్‌స్పెక్టరు వచ్చిన రోజు పొద్దున గాల్వనామీటరు కృష్ణగిరి నుంచి బస్సులో ప్యూను ఒళ్ళో కూర్చుని వచ్చింది. తువ్వాల్లోంచి తొంగి చూస్తున్న ముల్లును చూసి సూళగిరి దగ్గర ఎక్కిన ముసలామె ఒకతె టైమెంతయిందని అడిగిందట. అది దిగడం, జీపు రావడం ఒకేసారి జరిగాయి. పరీక్షించి చూసుకునే వ్యవధి లేదు. సారు ముఖంలో భయం కూడా లేదు. ఆయనకు ఆ నియమం మీద ఉన్న నమ్మకం నాకు మా అమ్మ వంట మీద కూడా లేదు.

ఇన్‌స్పెక్టరు కళ్ళద్దాలు సవరించుకుని ముందు కాయిల్ చేతిలోకి తీసుకున్నాడు. "ఎవరయ్యా ఇది చుట్టింది? కాలేజీల్లో కూడా ఇంత శుభ్రంగా ఉండదే!" అన్నాడు. హెడ్మాస్టరు నావైపు చూశాడు. నలభై మంది పిల్లలు నావైపు చూశారు. "నేనే సార్" అన్నాను. జన్మలో మొదటిసారి ఒక ఆఫీసరు నా భుజం తట్టాడు.

సారు పాఠం చెప్పాడు. పాప ఉపమానానికి ఇన్‌స్పెక్టరు కూడా నవ్వాడు. ఆ తరువాత, "ఇప్పుడు అయస్కాంతాన్ని లోపలికి తోస్తాను, ముల్లు ఏ పక్కకు పోతాదో చూడండి" అని తోశాడు. ముల్లు ఏ పక్కకూ పోలేదు. లాగాడు. పోలేదు. గట్టిగా తోశాడు, తిరగేసి తోశాడు, విసురుగా లాగాడు. ముల్లు సున్నా మీద కూర్చుని కదలనంది. బ్యాటరీ తగిలిస్తే అదే ముల్లు గంతేసి అవతలికి పోతోంది, అంటే గాల్వనామీటరు మంచిదే. ఆ కరెంటు కాయిల్లోంచే పోతోంది, అంటే కాయిలూ మంచిదే. అయస్కాంతానికి మేకులు గుత్తిగా అంటుకుంటున్నాయి, అంటే అదీ మంచిదే. అందరూ మంచివాళ్ళే, కాపురం మాత్రం సాగడం లేదు. సారు నుదుటి మీద చెమట పట్టింది. ఇన్‌స్పెక్టరు మంచివాడే, కోప్పడలేదు. "మాస్టరూ, మీరు చెప్పేది పుస్తకంలో ఉంది, ఇక్కడ మాత్రం లేదు. భోజనం చేసి మూడు గంటలకు పోతాను, పోయేముందు ఇంకొకసారి చూస్తాను" అని లేచాడు.

నేను ఇంటికి పోయి సంగటి ముందు కూర్చున్నాను. మా అత్త ఎదురుగా వచ్చి కూర్చుంది.

"నా చుట్టుడు చూసినారా మీ దొరలు? ఎట్లుండాదన్నారు?"

"బాగుందన్నారత్తా."

"బాగుండక? ఒకే పక్కకి తిప్పుతా పోతే తీగె మురి పట్టి మెలిక పడతాదప్పా, నీది చూసినా గదా, అందుకే లేచి నిలబడినాది. మూడు నూర్లు ఇట్ల చుట్టి, ఆడ ముడేసి, మూడు నూర్లు అట్ల తిప్పి చుట్టినాను. ఇట్ల పట్టిన మురి అట్ల వీడిపోతాది. ఒకటి తక్కువ లేదు, ఒకటి ఎక్కువ లేదు."

గుమ్మం పక్కన నిలబడి విన్న పాఠమంతా ఒక్కసారిగా కళ్ళ ముందుకొచ్చింది. అయస్కాంతం లోపలికి పోతే మూడు వందల చుట్లలో కరెంటు ఒక దిక్కుకు పుడుతుంది, పైనున్న మూడు వందల చుట్లలో దానికి ఎదురు దిక్కుకు పుడుతుంది. అదీ ఇదీ సరికి సరి, మిగిలేది సున్నా. ముల్లు పాపం ఏం చేస్తుంది? పై మూడు వందల చుట్లు విప్పేస్తే చాలు, మిగిలినవాటితో ముల్లు ఎగిరి గంతేస్తుంది. పావుగంట పని. నేను చేయి కూడా సరిగ్గా కడుక్కోకుండా పరుగెత్తాను.

సైన్సు గదిలో సారు ఒక్కడే ఉన్నాడు. భోజనానికి పోలేదు. కాయిల్ ఎడమచేతిలో పట్టుకుని, కుడిచేతి మూడువేళ్ళూ నిక్కబెట్టి, వాటినే చూస్తూ కూర్చున్నాడు. ఆయనకు తెలియకుండా కాయిల్ తీసుకుపోయి చడీ చప్పుడు లేకుండా విప్పి తెచ్చేద్దామని నా ఎత్తు. ఆయన దాన్ని వదలడే! నీళ్ళు తెమ్మంటే తెచ్చాను. కిటికీ తీయమంటే తీశాను. గోడ గడియారం రెండున్నర దాటింది. అప్పుడు ఆయన తలెత్తి నన్ను సూటిగా అడిగాడు.

"ఒకే పక్కకే గదా చుట్టినావు?"

అడిగేశాడు. నేను కష్టపడి మాట మొదలుపెట్టాల్సిన పని కూడా లేకుండా ఆయనే అడిగేశాడు. కాదు సార్ అంటే సరిపోయేది. కానీ పొద్దున నలభై మంది ముందు నేనే సార్ అన్న నోరు నాది. కాదంటే ఎవరు చుట్టారనే ప్రశ్న వస్తుంది, ఎద్దుల పండగ బయటపడుతుంది, హెడ్మాస్టరు దాకా పోతుంది, మా అమ్మ చెప్పుకునే సైన్సు ఉద్యోగం ఊడిపోతుంది. తేలు కుట్టిన దొంగలా నిలబడి, "అవును సార్" అన్నాను.

"అదే గదా. ఇంత బాగా చుట్టినదాన్ని అనుమానపడి విప్పబుద్ధి కాలేదు" అన్నాడాయన, నన్ను అనుమానించినందుకు తానే సిగ్గుపడుతున్నట్టు.

మూడు గంటలకు ఇన్‌స్పెక్టరు గుమ్మంలోంచే తొంగి చూశాడు. సారు తోశాడు, లాగాడు. ఇన్‌స్పెక్టరు నోటుబుక్కులో రెండు ముక్కలు రాసుకుని, సారు భుజం మీద చేయి వేసి ఏదో చెప్పి జీపెక్కాడు. దుమ్ము అణిగేదాకా సారు మెట్ల మీదే నిలబడ్డాడు.

నెల తిరిగేలోగా తళి వైపుకు ఆర్డరు వచ్చింది. కానీ నన్ను తినేసింది ఆ ఆర్డరు కాదు, ఆ నెల రోజులు. గాల్వనామీటరు ఆ సాయంత్రమే కృష్ణగిరికి వెళ్ళిపోయింది. సారు ఆ పాఠం మళ్ళీ ఎత్తలేదు. వీధిలో నడిచేటప్పుడు చేతులు రెండూ వెనక్కి కట్టుకుని నడిచేవాడు. సోడాల తాత నాతో, "చూసినావా, ఆముదం పని చేసినాది" అని మురిసిపోయాడు. ఒకరోజు బీరువా సర్దుతూ సారు ఉన్నట్టుండి, "ఏమప్పా, ఇన్నేండ్లూ నేను అర్థం కాకుండానే చెప్తా ఉండానా పిల్లోళ్ళకి?" అని అడిగాడు. నేను, "నాకేం తెలుసు సార్" అన్నాను. నా జీవితంలో నేనాడిన అబద్ధాలన్నీ ఒక వరసలో నిలబెడితే దాన్నే ముందు నిలబెడతాను.

ఆయన వెళ్ళే రోజు హోసూరు బస్సులోకి సామాన్లు ఎక్కించింది నేనే. భార్య పాపను ఒళ్ళో పెట్టుకుని ముందు సీట్లో కూర్చుంది, అప్పటికే ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుంది. కండక్టరు విజిల్ ఊదాడు. అప్పటికి, అంటే ఇంక చెప్పినా ఎవరికీ ఏ లాభమూ లేని క్షణానికి, నాకు ధైర్యం వచ్చింది. కిటికీ ఊచలు పట్టుకుని, "సార్, ఆ కాయిల్ నేను చుట్టలేదు. మా అత్త చుట్టింది. మూడు నూర్లు ఇట్ల, మూడు నూర్లు అట్ల" అన్నాను.

ఆయన నన్ను చూశాడు. తిడతాడనుకున్నాను. కండక్టరు వైపు తిరిగి, "ఒక్క నిమిషం నిలుపప్పా!" అని అరిచాడు. మళ్ళీ నావైపు వంగి, "సరిగ్గా మూడు నూర్లేనా?" అన్నాడు.

"మా అత్త లెక్క తప్పదు సార్."

"మూడు నూర్లు, మూడు నూర్లు!" ఆయన ముఖం విప్పారింది. కుడిచేయి కిటికీలోంచి బయటికొచ్చింది, మూడు వేళ్ళూ నిక్కబొడుచుకున్నాయి, మణికట్టు ఇటు తిరిగింది, అటు తిరిగింది. "అట్లయితే ముల్లు కదలకూడదు గదప్పా! కదిలి ఉంటేనే తప్పు! వినబడినాదా?" అని భార్య వైపు తిరిగి, "నాది తప్పు కాదు, పాఠం తప్పు కాదు!" అని చిన్నపిల్లవాడిలా అరిచాడు. ఆమె దగ్గుతూ నవ్వింది. ఎందుకు నవ్వాలో ఆమెకు తెలియదు, ఆయన నవ్వుతున్నాడని నవ్వింది. బస్సు కదిలింది. మలుపు తిరిగేదాకా ఆ చేయి కిటికీలోంచి బయటే ఉంది.

ఆ చలికాలం నిలవలేక ఆమె పాపతో పుట్టింటికి పోయిందనీ, సారు ఒక్కడే వండుకు తింటున్నాడనీ తళి నుంచి పూలబుట్టలతో వచ్చినవాళ్ళు చెప్పారు. నేను రెండు కార్డులు రాశాను. రెండింటికీ ఆయన జవాబు రాశాడు. అందులో కొత్త కాయిల్ గురించి ఉంది, ముల్లు ఎంత బాగా ఊగిందో ఉంది. ముందే ఎందుకు చెప్పలేదని మాత్రం ఒక్క ముక్క లేదు. అడిగి ఉంటే ఎంత బాగుండేదో.

ఆ మాట చెప్పడానికి ఎంతసేపు పడుతుందో ఈ వయసులో ఒక్కోసారి చూసుకుంటూ ఉంటాను. వసారాలో ఒక్కడినే కూర్చుని పైకే అంటాను, "సార్, ఆ కాయిల్ నేను చుట్టలేదు." ఒక గుక్క కూడా పట్టదు. వంటింట్లోంచి మా ఆవిడ, "ఎవురితో మాట్లాడతా ఉండారు? ఏం చుట్టలేదంట?" అని కేకేస్తుంది. ఏమీ లేదులే అంటాను. ఇంకాసేపటికి మళ్ళీ అని చూసుకుంటాను.